వెలుతురులో చూస్తేగానీ

"కిటికీ దగ్గరికి పట్రా, ట్యూబ్‌లైటు అబద్ధాలు చెబుతుంది" అంది మా హౌస్‌మేట్. నా చేతిలో ఉన్నది పన్నెండు రోజుల పాముపిల్ల. నాకు మాత్రం ఒక్కసారిగా చీరాలలో మా ఇంటి వరండా గుర్తొచ్చింది. ఇరవై నాలుగేళ్లప్పుడు పెళ్లిచూపులకొచ్చిన ఒకావిడ "లోపల చీకటిగా ఉందమ్మా, ఇలా రా" అని నన్ను బయటికి నడిపించి, మోచెయ్యి తిప్పి చూసింది.

ఆ సంబంధం కుదరలేదు. నేను పిహెచ్.డి.లో చేరాను. తెలుగు రచయిత్రుల నవలల్లో కథానాయికల ఒంటిరంగు నా విషయం. 'చామనఛాయ' అన్న ఒక్క మాట ఏయే బరువులు మోస్తుందో మూడు వందల పేజీలు రాసినదాన్ని, రంగుల సంగతి నాకు కొత్తగా ఎవరు చెబుతారులే అనుకునేదాన్ని. పోస్ట్‌డాక్‌కని మిషిగన్ వచ్చి, అద్దె తక్కువని ఒకింట్లో దిగాను. పక్కగదిలో పదకొండు పాములున్నాయని సూట్‌కేసు విప్పాక తెలిసింది. అమ్మకి ఫోన్‌లో చెబితే గాభరా పడలేదు. "నాగులచవితికి పుట్టలో పాలు పోసేవాళ్లం, మనల్నేం చెయ్యవులే. ఓ దణ్ణం పెట్టుకో" అంది.

అవి బాల్ పైథాన్‌లు. ఘనా, టోగో, బెనిన్‌ల వైపు పుట్టిన చిన్న జాతి కొండచిలువలు. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటాయి. బెనిన్‌లో వీదా అనే ఊళ్లో వీటికో గుడి కూడా ఉంది. అమెరికాలోనేమో ప్లాస్టిక్ సొరుగుల్లో పెరుగుతాయి. 1992లో బాబ్ క్లార్క్ అనే ఆయన ఆల్బినో పిల్లల్ని పుట్టించినప్పటినుంచీ రంగుల వేట ఊపందుకుంది. ఒక్కో రంగునీ చారల తీరునీ ఒక్కో 'మార్ఫ్' అంటారు. ఒకదానితో ఒకటి కలిపి పుట్టించినవి ఇప్పుడు వేలల్లో ఉన్నాయి.

నాకు మొదట్లో అన్నీ ఒకటే పాము. "ముందు మామూలుదాన్ని చూడ్డం నేర్చుకో" అందామె. రోజూ రాత్రి ఒక మామూలు పామును మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చునేదాన్ని. ముదురు గోధుమ రంగు మీద లేత మచ్చలు. ఒక్కో మచ్చలో రెండేసి చుక్కలు, ఎవరివో మొహాలు కళ్లు విప్పి చూస్తున్నట్టు. అది కంటికి అలవాటయ్యాక తేడాలు వాటంతటవే బయటపడ్డాయి. ఒంటికన్ను మొహాలు ఎక్కువ కనిపిస్తే మొహావి అని అనుమానించాలి. పసుపు ఎక్కువై, పక్కల్లో రంగు వెలిసినట్టుంటే పాస్టెల్. ఆ పసుపు వయసుతో మాసిపోతుంది. కుబుసం విడిచే ముందు కళ్లు పాలరంగుకి తిరిగి ఒళ్లంతా మసకబారుతుంది, అప్పుడు ఎవరూ తీర్పు చెప్పకూడదు. ఇంకో రకం ఉంది, చూడ్డానికి అచ్చం మామూలుదే, లోపల మాత్రం ఆల్బినో జన్యువు మోస్తుంటుంది. దాన్ని ఏ వెలుతురూ పట్టివ్వదు.

ఆ వేసవిలో పాస్టెల్ తల్లి ఆరు గుడ్లు పెట్టింది. వదిలేస్తే రెండు నెలలు తిండి లేకుండా గుడ్ల చుట్టూ చుట్టుకునే ఉంటుందట. ఆమె దాన్ని మెల్లగా చుట్టు విప్పి, గుడ్లు తీసి ఇంక్యుబేటర్‌లో పెట్టింది. తర్వాత తల్లిని గోరువెచ్చని నీళ్లతో కడిగింది. గుడ్ల వాసన పోతే త్వరగా తిండి మొదలెడుతుందట. నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

పిల్లలు మొదటి కుబుసం విడిచాక కిటికీ దగ్గర నాకు పరీక్ష పెట్టింది. సన్నని నల్లగీతలున్న పిల్లని చూసి "పిన్‌స్ట్రైప్" అన్నాను. ఆమె పడీపడీ నవ్వింది. "ఈ ఇంట్లో పిన్‌స్ట్రైప్ ఎక్కణ్నుంచి వస్తుంది? తండ్రి ఎవరో చూశావా?" తండ్రి స్పైడర్. సాలెగూటి గీతలు, తెల్లటి పక్కలు. మా ఊళ్లో వంశం అడిగాక రంగు అడిగేవాళ్లు, నేను ఆ వరసే తప్పాను.

ఆ ఆరింటిలో రెండు బంబుల్‌బీలు. అంటే తల్లి పసుపూ తండ్రి గీతలూ రెండూ వచ్చినవి. మంచి ధర పలికేవి అవే. వాటిలో ఒకటి ఎలుకపిల్ల మీదికి దూకి రెండంగుళాల దూరంలో గాలిని కరిచింది. తల మెలితిరిగి పైకప్పు వైపు వెళ్లింది. స్క్రూ తిప్పినట్టు.

"స్పైడర్‌లన్నీ కాస్త ఊగుతాయి. తింటాయి, బానే ఉంటాయి" అంది.

నా వృత్తి చదవడమే కాబట్టి చదివాను. 1999లో స్పైడర్ పిల్లలు మొదటిసారి పుట్టాయి. ఆ గీతలనిచ్చే జన్యువుతోపాటే ఆ ఊగడమూ వస్తుంది, ఒకదానిలో తక్కువ, ఒకదానిలో ఎక్కువ. 2022లో వచ్చిన ఒక పరిశోధన స్కానింగ్ చేసి చూపించింది, లోపలి చెవిలో ఒంటి తూకం నిలిపే గొట్టాలు వంకరగా ఏర్పడుతున్నాయి. గీతల్ని ఉంచి ఊగడాన్ని తీసెయ్యడం ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు. నేను మెచ్చుకున్న ఆ నాజూకు గీతల్లోంచే తలతిరుగుడు వచ్చిందని తెలిశాక, ఆ పిల్లని పాత కళ్లతో చూడలేకపోయాను. ఇప్పటికీ స్పైడర్‌ని రంగుని బట్టి కాదు, తల పెట్టే తీరుని బట్టి ముందు పోల్చుకుంటాను.

అమ్మకానికి తీసుకెళ్లే ముందు కార్డులు రాయడం నా వంతు. నా దస్తూరి బావుంటుందని. బంబుల్‌బీ, ఆడ, ఎన్ని గ్రాములో, ఎంత ధరో. అదే సాయంత్రం అమ్మ ఫోన్. చెల్లికి పాప పుట్టింది. "బంగారంలా ఉంది. రంగే... నీదొచ్చింది" అంది, గొంతు తగ్గించి. సరే అన్నాను. ఎప్పుడూ దీనిమీద పోట్లాడే నేను ఆరోజు పోట్లాడలేదు, ఎందుకో.

ఫోన్ పెట్టేసి ఆ కార్డు కింద ఇంకో వాక్యం రాశాను. తల ఊగుతుంది, తినడానికి సాయం కావాలి. అడక్కుండా రాశాను, వ్యాపారం ఆమెది, అద్దె నాకు తగ్గించిందీ ఆమే. ఆమె కార్డు తీసుకుని చాలాసేపు చూసింది. చింపేస్తుందనుకున్నాను.

"కొంచెం చిన్న అక్షరాల్లో రాయి" అంది.

మళ్లీ రాశాను, అదే సైజులో.

మిగతా అయిదూ అమ్ముడయ్యాయి. ఒకమ్మాయి బంబుల్‌బీ డబ్బా చేతిలోకి తీసుకుంది. వాళ్లమ్మ కార్డు చదివి మెల్లగా బల్లమీద పెట్టించేసింది. తిరిగొచ్చేటప్పుడు ఆ డబ్బా నా ఒళ్లోనే ఉంది. రాత్రి మూడోసారికి ఎలుకపిల్లని పట్టుకుంది.

మరుసటి ఏడు ఆ తండ్రి పామును ఆమె దేనితోనూ జత కట్టించలేదు. కారణం ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.