చెమట మీద గాలి

"ఇదేమిట్రా, నైటీ వేసుకుని కొట్లాటకొచ్చాడు?" అంది అమ్మ.

తెనాలి నుంచి ఆరు నెలలకని మా ఇంటికి, ఫిలడెల్ఫియాకి, వచ్చింది. మావాడు నానమ్మని పక్కన కూర్చోబెట్టుకుని పాత బాక్సింగ్ పోటీలు చూపిస్తున్నాడు. టీవీలో ఒక వస్తాదు మోకాళ్లు దాటిన శాటిన్ అంగీతో, తలమీద ముసుగుతో నడిచొస్తున్నాడు. "నైటీ కాదు నానమ్మా, రోబ్" అని మనవడు దిద్దాడు. "ఏదైతేనేం, రాగానే విప్పేసేదానికి అంత హంగు దేనికి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు వాణ్ణి తీసుకురావడానికి జిమ్‌కి వెళ్లినప్పుడు కోచ్‌ని అడిగాను. డెబ్బై దాటిన మనిషి. బాక్సర్ చల్లటి ఒంటితో రింగెక్కడన్నాడు. లోపలి గదిలోనే పంచ్‌లు విసిరి, గెంతి, చెమట పట్టించుకుంటాడు. ఆ తర్వాత జనం మధ్య నడిచి రావాలి, పేర్లు చదవాలి, జాతీయ గీతాలు అయ్యేదాకా నిలబడాలి. ఈలోగా ఒళ్లు చల్లబడితే కండరాలు బిగుసుకుంటాయి. ఆ వేడిని గంట కొట్టేదాకా కాపాడటమే రోబ్ పని. ఒకప్పుడు పెద్ద పోటీలు చాలావరకు ఆరుబయట మైదానాల్లో జరిగేవి కాబట్టి అవసరం ఇంకా ఎక్కువ.

అలాంటిదొకటి మా ఊళ్లోనే జరిగింది. 1926 సెప్టెంబరు 23న లక్షా ఇరవై వేల మంది చూస్తుండగా జాక్ డెంప్సీ మీద జీన్ టన్నీ వానలో పది రౌండ్లు పోరాడి హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మెరైన్ దళంలో పనిచేసిన టన్నీ ఆ దళం గుర్తున్న రోబ్‌తోనే రింగులోకి వచ్చాడు. అంత వెడల్పు వీపు ఖాళీగా కనిపిస్తే ఎవరు ఊరుకుంటారు? పేరు, ఊరు, జిమ్, చివరికి ప్రకటనలు కూడా ఎక్కాయి. 'రాకీ' సినిమాలో హీరో వీపున ఉన్నది మాంసం కంపెనీ పేరే. 1976లో చిన్న బడ్జెట్‌తో తీసిన ఆ సినిమాకి కుట్టించిన రోబ్ ఆ హీరోగా వేసిన స్టాలోన్‌కి మరీ వదులైందట. మార్చే వీల్లేక, అది వదులుగా ఉందన్న మాటనే సంభాషణలో పెట్టేశారు.

హంగు పెరిగేకొద్దీ చిక్కులూ వచ్చాయి. 1973లో ఎల్విస్ ప్రెస్లీ ముహమ్మద్ అలీకి రాళ్లు పొదిగిన రోబ్ బహూకరించాడు. అది వేసుకొచ్చి ఫిబ్రవరిలో అలీ జో బగ్నర్ మీద గెలిచాడు. మార్చి 31న అదే రోబ్‌తో వచ్చి, కెన్ నార్టన్ చేతిలో దవడ విరగ్గొట్టుకుని ఓడిపోయాడు. మళ్లీ దాన్ని ముట్టుకోలేదంటారు. 2020 ఫిబ్రవరిలో టైసన్ ఫ్యూరీతో ఏడో రౌండ్లో ఓడిన డియోంటే వైల్డర్, నడిచొచ్చేటప్పుడు వేసుకున్న వేషం నలభై పౌన్ల పైనే ఉందనీ, దాంతో కాళ్లలో సత్తువ పోయిందనీ చెప్పాడు. అంటే పద్దెనిమిది కిలోలకు పైమాటే. ఒంటికి కాపుగా పుట్టిన గుడ్డ మోతబరువైంది.

ఇదంతా విని అమ్మ, "చెమట మీద గాలి తగలకూడదని మీ చిన్నప్పట్నుంచీ మొత్తుకుంటున్నాను. అది తెలుసుకోడానికి నీకు అమెరికా కోచ్ కావలసొచ్చాడా?" అంది. తర్వాత మావాడు మైక్ టైసన్‌ని చూపించాడు. రోబ్ లేదు, సాక్సులు లేవు. తువ్వాలు మధ్యలో చిల్లు పెట్టి తలకి తగిలించుకుని వచ్చాడు. "వీడికి తెలుసు" అంది అమ్మ.

జనవరిలో మావాడి మొదటి పోటీ. పిల్లల పోటీల్లో రోబ్‌లూ గీబ్‌లూ ఉండవు, బనీను, హెడ్‌గార్డ్ అంతే. హాల్లో హీటరు అంతంతమాత్రం. వంతు కోసం బెంచీ మీద కూర్చున్న మనవడికి అమ్మ తెనాలి నుంచి తెచ్చుకున్న తువ్వాలు కప్పింది. తోటి పిల్లలు చూస్తున్నారని వాడు రెండుసార్లు లాగేశాడు. రెండుసార్లూ మళ్లీ కప్పింది. పేరు పిలిచేదాకా తియ్యనివ్వలేదు.

మావాడు ఓడిపోయాడు. జలుబు మాత్రం చెయ్యలేదు.