తల్లికి మిగిలేదేమిటి?

మొన్న ఓ తల్లి ఏడో తరగతి చదివే కొడుకును నా దగ్గరకు తీసుకువచ్చింది. "బొత్తిగా ఎదగడం లేదండీ, ఏదైనా టానిక్కు రాయండి" అంది. కుర్రవాడు ఎత్తుకు తగ్గ బరువే ఉన్నాడు. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతున్నది ఆవిడే! కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది.

"బియ్యం నములుతుంటావా అమ్మా?" అన్నాను. సిగ్గుపడింది. "గుప్పెళ్ళతో తింటుందండీ" అని కొడుకు చెప్పేశాడు. నవ్వేసి ఊరుకునే అలవాటు కాదది. ఒంట్లో ఇనుము తగ్గినవారిలో తరచు కనిపించే లక్షణం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8 గ్రాములే. గర్భిణి కాని స్త్రీకి కనీసం 12 ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది.

పిల్లలు ఎదిగే ఇంట్లో గిన్నె ఖాళీ కావడం వింత కాదు. అందరూ తిన్నాక మీ కంచంలోకి వచ్చేది మాత్రం చారూ, మజ్జిగా. నేనేం మినహాయింపు కాదు సుమండీ! నలభై అయిదో ఏట నాకూ 9 ఉంది. కనిపెట్టింది డాక్టరునైన నేను కాదు, మా అమ్మాయి.

ఇనుము మాత్రలు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. మలం నల్లబడితే కంగారుపడకండి. కాఫీ, టీలతో వేసుకోవద్దు. నిమ్మకాయ నీళ్ళు మేలు. ఓపిక రాగానే ఆపేయకండి, హిమోగ్లోబిన్ సరి అయ్యాక కూడా మూడు నెలలు వాడాలి. బహిష్టులో రక్తం ఎక్కువగా పోతుంటే దాచకుండా చెప్పండి.

ఇదంతా చెప్పి చీటీ చేతికిస్తే ఆవిడేమందో తెలుసా? "మరి బాబుకు టానిక్కో?"