షక్ వేరు, ఇన్‌కార్ వేరు

మన ఇళ్లలో దేవుడి గురించి ఎవరైనా సవాల్ అడిగితే చాలు, దహ్రియా అనేస్తాం. కానీ అందరూ ఒకటి కాదు. విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారు దేవుడు లేడని ఖరాఖండిగా చెప్పారు. అది ఇన్‌కార్. "ఉన్నాడో లేడో నాకు తెలియదు" అనేవాడు అజ్ఞేయవాది. ఇతనికి ఇంగ్లీషులో పేరు పెట్టింది థామస్ హక్స్‌లీ, 1869లో. మొదటివాడు ఫైసలా చేసేశాడు. రెండోవాడు ఇంకా చేయలేదు.

మా తమ్ముడి కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. "బడే అబ్బా, నాకు నిజంగా తెలియడం లేదు" అన్నాడు. అప్పట్నించి తమ్ముడు వాడితో మాట్లాడటం లేదు, ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోవడం లేదు.

షక్ మనకు కొత్తా? ఇమామ్ గజాలీ అంతటి ఆలిం, కళ్లతో చూసినదాన్ని కూడా నమ్మలేని స్థితిలో దాదాపు రెండు నెలలు గడిపానని స్వయంగా రాసుకున్నారు. హజ్రత్ ఇబ్రాహీం అలైహిస్సలాం, చనిపోయినవాళ్లను ఎలా లేపుతావో చూపించమని అల్లాహ్‌నే అడిగారు. ఈమాన్ లేక కాదు, దిల్‌కు ఇత్మినాన్ కోసం. అల్లాహ్ గుస్సా కాలేదు, చూపించాడు.

నాకు యకీన్ ఉంది. అది బహస్‌లో గెలిచి తెచ్చుకున్నది కాదు, అమ్మీ దువాలు వింటూ పెరిగితే వచ్చింది. దాన్ని తీసి ఇంకొకరి దిల్‌లో పెట్టలేను. జబర్దస్తీ చేస్తే పిల్లాడు మన ముందు నమాజుకు నిలబడతాడు, లోపల అబద్ధమాడతాడు. ఆ మునాఫిఖత్ కన్నా సచ్ చెప్పే షక్ నయం. సచ్ చెప్పేవాడితో రేపు కూడా మాట్లాడొచ్చు.