డోరు సందులో తెగిన వైరు

విజయవాడ బందరు రోడ్డు మీద ఆటోనగర్ గేటు దాటగానే రేకుల మీద సుత్తి దెబ్బలు చెవినపడతాయి. లారీ బాడీలు కట్టే షెడ్లు దాటి లోపలికి వెళ్తే చిన్న ఎలక్ట్రికల్ షాపు. వానలు మొదలైతే పాత కార్ల వాళ్లు ఇక్కడికి తెచ్చే బాధ ఒకటే: దిగిన గ్లాసు మళ్లీ లేవదు.

మేం వెళ్లిన ఉదయం షాపు ముందు పదిహేనేళ్లు దాటిన చిన్న కారు ఉంది. డ్రైవరు వైపు గ్లాసు సగంలో ఆగిపోతే, ఖాళీకి పాలిథిన్ కవరు అంటించి తెచ్చారు. అంతకుముందే వేరేచోట మోటారు మార్పించారట.

మేస్త్రీ స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. ఇంజను ఆపించి, కీ ఆన్ చేయించి, "స్విచ్ నొక్కండి" అంటూ రూఫ్ లైటు వైపు చూశారు. లైటు కాస్త మందగిస్తే మోటారు కరెంటు లాగుతున్నట్టే. గ్లాసు ఎక్కడో బిగుసుకుపోయి ఉంటుంది. మోటారు తిరిగే చప్పుడు వచ్చి గ్లాసు కదలకపోతే రెగ్యులేటర్ కేబులో, ప్లాస్టిక్ క్లిప్పో పోయినట్టు. ఇక్కడ లైటు తగ్గలేదు, చప్పుడూ లేదు.

ఈసారి స్విచ్ నొక్కి ఉంచమని, డోరును మెల్లగా తెరుస్తూ మూస్తూ ఊపారు. గ్లాసు బెత్తెడు లేచి ఆగింది.

"దొరికిందండీ!"

డోరుకూ పిల్లరుకూ మధ్యనున్న నల్ల రబ్బరు గొట్టాన్ని వెనక్కి లాగి చూపించారు. ఒక వైరు తొడుగు చిట్లి, రెండు మూడు రాగి పోగులే మిగిలాయి. డోరు తీసిన ప్రతిసారీ మడతపడే చోటది. 12 వోల్టులు అక్కడే ఆగిపోతుంటే కొత్త మోటారు మాత్రం ఏం చేస్తుంది?

తెగినచోటే ముడేసి టేపు చుడితే మళ్లీ అక్కడే తెగుతుంది. అందుకే గ్లాసు జారకుండా టేపు వేసి, డోర్ ప్యాడ్ విప్పి, మెత్తటి వైరు ముక్కను కాస్త వదులుగా వేశారు. సోల్డరింగ్ మాత్రం మడత పడే చోటికి దూరంగా, రెండు కొసల్లోనూ చేశారు. ఎండిన ఛానెల్ రబ్బరుకు సిలికాన్ స్ప్రే కొట్టారు. ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటును చిరగకుండా తిరిగి అంటించారు; అది లేకపోతే డోరులోకి దిగే వాననీరు కారులోకి వస్తుంది.

మీ కారు గ్లాసు ఆగిపోతే, మోటారు కొనేముందు దాని ప్లగ్గులోని రెండు పిన్నుల మధ్య టెస్ట్ లైటు పెట్టి చూడమనండి. స్విచ్ నొక్కినా ఆ లైటు వెలగకపోతే, ముందు వెతకాల్సింది మోటారులో కాదు, వైర్లలోనూ స్విచ్‌లోనూ.