ఒప్పుకున్న దూరం

మా మదర్సాకు షాబాన్ సెలవులిచ్చిన మూడో రోజున నేను జీవితంలో మొట్టమొదటిసారి ఒక కారును అద్దెకు తీసుకున్నాను. డ్రైవరుతో కాదు, స్వయంగా నడుపుకునేందుకే. ఫిఖహ్ గ్రంథాలలోని ‘ఇజారా’ అధ్యాయాన్ని, అంటే అద్దె ఒప్పందాల పాఠాన్ని, పాతికేళ్లకు పైగా విద్యార్థులకు బోధిస్తున్నవాణ్ణి. కాని సొమ్ము చెల్లించి మరొకరి వాహనపు తాళం చెవిని చేతిలోకి తీసుకున్న అనుభవం మాత్రం అంతవరకు లేదు. ఆ రెండు రోజులలో కారు గురించి కొంత తెలిసింది. తెలుసనుకున్న పాఠం గురించి మరికొంత తెలిసింది.

ప్రయాణం అమ్మీ కోసం. ఆమెకు 78 ఏళ్లు. మోకాళ్లు అరిగిపోయాయి. కడపలో ఉన్న తన అక్కను, మా పెద్ద ఖాలాను, చూసి నాలుగేళ్లయింది. కర్నూలు నుండి కడపకు బస్సులకు కొదువ లేదు. కాని ఆ మెట్లు ఆమె ఎక్కలేదు. డ్రైవరుతో కూడిన టాక్సీని రెండు రోజులు నిలబెట్టుకునే స్తోమత మా జీతాలకు లేదు. నాకు డ్రైవింగు వచ్చు. మదర్సా వంటశాలకు బియ్యం మూటలు చేరవేసేందుకు పాత వ్యాను మీద నేర్చుకున్న విద్య అది. అందుచేత రోజుకు 1,800 రూపాయల చొప్పున ఒక చిన్న కారు మాట్లాడుకున్నాను.

స్వయంగా నడుపుకునే అద్దె కార్లను వాటి నంబరు పలకను బట్టి గుర్తించవచ్చు. నల్లని పలక మీద పసుపు అక్షరాలుంటాయి. సొంత బండికి తెలుపు మీద నలుపు, టాక్సీకి పసుపు మీద నలుపు. యజమాని నడివయసు రైతు. రెండు కార్లు కొని అద్దెకిస్తున్నాడు. నా లైసెన్సు, ఆధార్ నకళ్లు తీసుకుని ఒక కాగితం మీద చేత్తో వ్రాశాడు: కర్నూలు నుండి కడప, తిరిగి కర్నూలు, 48 గంటలు. “పెట్రోలు మీదే మౌల్వీ గారూ” అన్నాడు. నాకు లోలోపల నవ్వు వచ్చింది. మేము చదివించే హనఫీ గ్రంథాలలో అద్దె జంతువుకు మేత వేయవలసిన బాధ్యత యజమానిదే. అయినా లోకాచారం తెలిసి ఒప్పుకున్న షరతు కనుక సంతకం చేశాను.

కారు వ్యాగన్ ఆర్. సుజుకి వారు దీనిని మొదట 1993లో జపానులో విడుదల చేశారు. మన దేశానికి 1999లో వచ్చింది. నేను తీసుకున్నది 2019లో వచ్చిన కొత్త నమూనా. పొడవు 3,655 మిల్లీమీటర్లు, వెడల్పు 1,620, ఎత్తు 1,675. అంటే ఈ బండికి వెడల్పు కంటే ఎత్తే ఎక్కువ. దూరం నుండి చూస్తే నిలబెట్టిన పెట్టెలా ఉంటుంది. అందం కోరేవారు ఆ ఆకారాన్ని ఎగతాళి చేయడం విన్నాను. ఆ ఆకారపు అర్థం మాత్రం అమ్మీ ఎక్కినప్పుడు బోధపడింది.

మామూలు కారులో కూర్చోవాలంటే మోకాళ్లు బాగా వంచి కిందికి దిగజారాలి. దిగేటప్పుడు ఆ గోతిలోంచి పైకి లేవాలి. ముసలివారికి రెండూ కష్టమే. ఇందులో సీటు దాదాపు కుర్చీ ఎత్తున ఉంది. తలుపు విశాలంగా తెరుచుకుంటుంది. అమ్మీ ముందు సీటు అంచున కూర్చుని, ఒక్కొక్క కాలే లోపలికి తీసుకుని, “మన ఇంటి మంచం లాగే ఉంది బేటా” అన్నది. నా భుజం పట్టుకోవలసిన అవసరం రాలేదు. వెనుక సామాను అర 341 లీటర్లది. అమ్మీ వాకరును మడిచి, బట్టల సంచి, ఖాలా కోసం నా భార్య కట్టించిన మిఠాయి డబ్బాలు పెట్టినా చోటు మిగిలింది. నా భార్య వెనుక సీటులో కాళ్లు చాచుకుని కూర్చుంది.

ఫజర్ నమాజు ముగించుకుని బయలుదేరాము. ఓర్వకల్లు దగ్గర రోడ్డు పక్కన రాతి గుట్టలు పొద్దుటి ఎండలో ఎర్రబడుతున్నాయి. నంద్యాల దాటాక ఎడమ చేతి వైపు నల్లమల కొండలు మాతో పాటే వచ్చాయి. దారిలో కనబడే కె.సి. కాలువను 19వ శతాబ్దంలో త్రవ్వినప్పుడు సేద్యానికే గాక పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించారు. తుంగభద్ర మీది సుంకేసుల నుండి కడప వరకు నీటి మీద ప్రయాణమన్నమాట. తన మోకాళ్లకు పడవ అయితే ఇంకా హాయిగా ఉండేదని అమ్మీ వ్యాఖ్యానించింది.

కారు నడక గురించి చెప్పాలి. ఇంజను 998 సీసీ, మూడు సిలిండర్లది. ఆగి ఉన్నప్పుడు పాదాల కింద సన్నని అదురు తెలుస్తుంది. కదిలాక మాయమవుతుంది. స్టీరింగు తేలిక. ఊరి సందుల్లో చిన్న పిల్లవాడి సైకిలులా తిరుగుతుంది. హైవే మీద మాత్రం అణకువగా ఉండాలి. ఎత్తుగా, తేలికగా ఉన్న ఏ బండికైనా పెద్ద లారీ పక్కనుంచి పోయినప్పుడు గాలి తాకిడి తెలుస్తుంది. కూర్చోవడానికి సుఖమిచ్చిన ఎత్తుకు మనం చెల్లించే మూల్యం అది. కుటుంబంతో ప్రయాణించేవారు మరొకటి కూడా తెలుసుకోవాలి. గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ జరిపిన ఢీకొట్టే పరీక్షల్లో పెద్దల రక్షణ విషయమై ఈ కారుకు అయిదింటికి 2019లో 2 నక్షత్రాలు, 2023లో ఒకే నక్షత్రం లభించాయి. అందుకే ముగ్గురమూ బెల్టు పెట్టుకున్నాము. ముల్లును 80 దాటనివ్వలేదు.

చాగలమర్రి దాటిన కొద్దిసేపటికి వెనుక చక్రం పంక్చరైంది. ఎవరి తప్పూ కాదు, రోడ్డు మీది మేకు. స్టెప్నీ తీసి చూస్తే అందులో సగం గాలి కూడా లేదు. అద్దెకిచ్చిన వస్తువును పనికి వచ్చే స్థితిలో ఉంచడం యజమాని బాధ్యత. తీసుకునేటప్పుడు నొక్కి చూసుకోవడం నా బాధ్యత. ఇద్దరమూ మరచిపోయాము. జాకీ పెట్టి చక్రం మార్చి, నత్తనడకన రెండు కిలోమీటర్లు నడిపి పంక్చర్ల కొట్టు చేరాము. పని పూర్తయ్యేసరికి గంట పట్టింది. అమ్మీ సీటు దిగకుండానే, తలుపు తెరుచుకుని, దువ్వూరు వైపు నుండి పసుపు కొమ్ముల బస్తాలతో వచ్చే ట్రాక్టర్లను లెక్కపెడుతూ కూర్చుంది.

కడపలో అక్కాచెల్లెళ్లు కలుసుకున్న తీరును వర్ణించబోను. మరునాటి ఉదయం నాష్తా దగ్గర అమ్మీ నెమ్మదిగా అన్నది: “సిద్ధవటం ఇక్కడికి దగ్గరే కదా.”

సిద్ధవటం ఆమె పుట్టిన ఊరు. పెన్న ఒడ్డున కోట, లంకమల కొండలు. ఒకప్పుడు, 1808 నుండి 1812 వరకు, కడప జిల్లాకు కేంద్రంగా ఉన్న చోటు. ఇప్పుడు చిన్న ఊరు. నికాహ్ అయి వెళ్లిపోయాక ఆమె అక్కడికి పోయింది రెండు మూడు సార్లే. కడప నుండి పాతిక కిలోమీటర్లు. కాని నా జేబులోని కాగితంలో ఆ ఊరి పేరు లేదు.

మేము చదివించే ‘హిదాయా’లో ఒక మస్‌అలా ఉంది. ఒకడు హీరా అనే ఊరి వరకు ఒక జంతువును అద్దెకు తీసుకుని, దాని మీద ఖాదిసియ్యా వరకు పోయాడు. ఆ పిమ్మట దానిని క్షేమంగా హీరాకు తిరిగి తెచ్చాడు. అక్కడ అది చనిపోయింది. నష్టం ఎవరు భరించాలి? అద్దెకు తీసుకున్నవాడే. ఒప్పుకున్న దూరం వరకు ఆ జంతువు అతని చేతిలో అమానతు. ఆ దూరం దాటిన క్షణంలో అమానతు పోయింది. వెనక్కి తిరిగి వచ్చినంత మాత్రాన అది మళ్లీ అతుక్కోదు. ప్రతి ఏటా విద్యార్థులు ఇక్కడ అభ్యంతరం చెబుతారు: “ఉస్తాద్, తిరిగి తెచ్చాడు కదా!” ప్రతి ఏటా నేను పుస్తకంలోని జవాబు చెప్పి పేజీ తిప్పుతాను.

యజమానికి ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్. మెసేజు పెట్టాను. జుహర్ తరువాత మళ్లీ చేశాను. అదే సమాధానం. సాయంత్రం దాటితే ఇక వీలుపడదు. మర్నాడు పొద్దున్నే కారు కర్నూలులో అప్పగించాలి. ఖాలా మనవడు డిగ్రీ చదువుతున్నాడు. “చాచా, పాతిక కిలోమీటర్లే కదా. పెట్రోలు మనదే. అడిగితే ఎలాగూ సరేనంటాడు. ఎవరు చూడొచ్చారు?” అన్నాడు. పోనీ ఆటోలో వెళ్దామంటే, ఆ కుదుపులకు అమ్మీ నడుము ఓర్వదు.

నిజం చెబుతున్నాను, అమ్మీని కూర్చోబెట్టి కారు స్టార్టు చేశాను. ఆమెకు ఇటువంటి రోజు మరొకటి వస్తుందో రాదో. అతడు తప్పక ఒప్పుకునేవాడే అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. పాతికేళ్లుగా విద్యార్థులు లేవదీసిన అభ్యంతరాలన్నీ ఒక్కసారిగా నాకు ఎంతో సబబుగా తోచాయి.

అమ్మీ బెల్టు సర్దుకుంటూ అడిగింది: “ఆయన ఫోన్ ఎత్తాడా?”

“లేదమ్మీ.”

“మరి ఇంజను ఎందుకు వేశావు?”

ఆమె ఏ గ్రంథమూ చదవలేదు. ఆమె గొంతులో కోపం కూడా లేదు. తెలియక అడిగినట్లే అడిగింది. ఇంజను ఆపేశాను. ఆమె సీటు దిగలేదు. “ఇక్కడే కూర్చుంటాను, నీడగా ఉంది. వస్తే వెళ్దాం, రాకపోతే లేదు” అన్నది. తస్బీహ్ తీసుకుంది. ఆ గంటన్నర నేను జీవితంలో ఎంతో కష్టంగా గడిపిన సమయాలలో ఒకటి. ఖాలా మనవడు రెండుసార్లు బయటికి వచ్చి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయాడు.

అస్ర్ నమాజు చదివి వస్తుండగా ఫోన్ మోగింది. యజమాని పొలంలో ఉన్నాడట, ఫోన్ చార్జింగు అయిపోయిందట. విషయం విని నవ్వాడు. “దీనికి పొద్దుట్నుంచి ఆగారా మౌల్వీ గారూ? ఎవరూ అడగరండీ ఇట్లా. పోయి రండి. బండిని ఏటి ఇసుకలోకి మాత్రం దించొద్దు, కూరుకుపోతుంది.”

పొద్దు వాలే వేళకు సిద్ధవటం చేరాము. కోట గోడల మీద ఎండ ఇంకా ఉంది. ఇసుక మేటల నడుమ పెన్న సన్నని పాయలుగా పారుతోంది. ఒక వీధి మలుపులో అమ్మీ ఆపమన్నది. అక్కడ ఆమె పుట్టిన ఇల్లు లేదు. రెండంతస్తుల కొత్త భవనం ఉంది. ఆ కారు కిటికీ అంచు ఆమె భుజానికి దిగువనే ఉండటం వల్ల, కూర్చున్న చోటు నుండే వీధంతా కనబడింది. “గుమ్మం ఇటువైపు ఉండేది. వాన వస్తే నీళ్లు లోపలికి వచ్చేవి” అన్నది. దిగి చూస్తావా అని అడిగాను. “ఇప్పుడది వేరే వాళ్ల ఇల్లు కదా. ఊరికే నిలబడి చూస్తే వాళ్లేమనుకుంటారు” అని అద్దం పైకి తిప్పింది. మగ్రిబ్ అక్కడి మసీదులోనే చదివి వెనుదిరిగాను. దారంతా ఆమె తన చిన్ననాటి ముచ్చట్లు చెబుతూనే ఉంది. కొన్ని నేను అంతకుముందు ఎన్నడూ విననివి.

మొత్తం 468 కిలోమీటర్లు తిరిగాము. 24 లీటర్ల పెట్రోలు పట్టింది. మేకు చేసిన గాయం తప్ప కారు ఎక్కడా మొరాయించలేదు. స్టెప్నీ సంగతి చెబితే యజమాని నొచ్చుకుని, పంక్చరుకైన 150 రూపాయలు అద్దెలో తగ్గించుకున్నాడు. సిద్ధవటానికి అదనంగా ఇవ్వబోతే పుచ్చుకోలేదు. కారు చుట్టూ తిరిగి చూడనైనా చూడకుండా తాళం చెవి జేబులో వేసుకున్నాడు.

షవ్వాలులో తరగతులు మళ్లీ మొదలవుతాయి, ఇన్‌షా అల్లాహ్. హీరా, ఖాదిసియ్యాల పాఠం వచ్చినప్పుడు ఎవరో ఒక విద్యార్థి తప్పక చెయ్యెత్తుతాడు. ఈసారి పేజీ తిప్పే ముందు కడప, సిద్ధవటాల సంగతి చెబుతాను. ఇంజను స్టార్టు చేసిన మాట కూడా దాచను.