పడవ మీద నుంచి ఉభయకుశలోపరి

అప్పట్లో మేము కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఒడ్డున ఉన్న ఆలమీడా ద్వీపంలో ఉండేవాళ్ళం. మా ఇంటికి రెండు వీధుల అవతలే రేవు, అందులో వందల కొద్దీ తెరచాప పడవలు. వారాంతంలో గుడికో, ఇండియన్ షాపుకో వెళ్తూ కారు అద్దంలోంచి వాటిని చూసి ముచ్చటపడడమే తప్ప, ఎక్కిన పాపాన పోలేదు. 2004 వేసవిలో ఆ ముచ్చటా తీరింది.

మా పక్కింటి పెద్దాయన రిటైరయ్యాక తన 36 అడుగుల పడవలో, ఒక స్నేహితుణ్ణి తోడు తీసుకుని, మెక్సికో వెళ్ళాలనుకున్నాడు. ఆయన భార్యకి సముద్రం పడదు. ఆవిడ ఒకటే షరతు పెట్టింది. "రోజుకొక్క ముక్కయినా నాకు అందాలి. అలా అయితేనే వెళ్ళు." శాటిలైట్ ఫోను నిమిషాల లెక్కన ఖరీదు. అందుకని పడవలోని రేడియోకి మోడెమ్ తగిలించి, దానికో కంప్యూటర్ కలిపి, ఈమెయిల్ పంపుదామని పెద్దాయన ఆలోచన. నేను ఎలక్ట్రానిక్స్ వాడినని తెలుసు కనుక సాయం అడిగాడు.

ఆవిడ షరతు వినగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మాది బందరు. నాన్న పనిమీద అవనిగడ్డ వెళ్ళి ఉన్నారు. నాలుగు రోజులు ఏ కబురూ లేదు. అమ్మ వీధి అరుగు మీదే కూర్చుంది. ఐదో రోజు మోకాళ్ళ దాకా బురదతో నాన్న నడిచి వచ్చారు. కబురు లేని ఆ నాలుగు రాత్రులూ అమ్మ కన్ను మూయలేదు. అందుకే పెద్దాయనతో ఇంకేమీ అడక్కుండా "సరే" అన్నాను. పన్నెండేళ్ళ మా అబ్బాయి కూడా స్క్రూడ్రైవర్ పట్టుకుని బయల్దేరాడు.

ఇది ఎలా పనిచేస్తుందో పిల్లల కోసం కాస్త చెబుతాను. మామూలు పడవ రేడియో మాట పాతిక, ముప్పై మైళ్ళు దాటదు. షార్ట్‌వేవ్ అలా కాదు. ఆ తరంగాలు పైకి వెళ్ళి, అయనోస్ఫియర్ అనే పొరకు తగిలి, వేల మైళ్ళ అవతల మళ్ళీ నేలకు దిగుతాయి. మోడెమ్ మన అక్షరాలను కూతలుగా మార్చి రేడియోకి ఇస్తుంది. ఒడ్డున ఉన్న స్టేషన్ ఆ కూతలను తిరిగి అక్షరాలు చేసి ఇంటర్నెట్‌లో వేస్తుంది. మేము వాడిన పద్ధతి పేరు పాక్టర్. అప్పటి డయలప్ కన్నా కూడా చాలా నెమ్మది. సెయిల్‌మెయిల్ అనే లాభాపేక్ష లేని సంఘంలో పెద్దాయన సభ్యుడు. సభ్యులకు వారానికి దాదాపు 90 నిమిషాలే వాడకం. ఫొటోలు కుదరవు. మాటలే, అవీ పొదుపుగా.

మూడు శనివారాలు పట్టింది. తెరచాప కొయ్య కొస నుంచి పడవ వెనక్కి లాగి కట్టిన ఉక్కు తీగే మా యాంటెన్నా. దాని రెండు చివర్లా ఇన్సులేటర్లు వేశాం. రేడియో పలుకుతున్నప్పుడు ఆ తీగను ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఇక ఎర్త్. మన ఇళ్ళల్లో గొయ్యి తీసి ఉప్పూ బొగ్గూ వేసి నీళ్ళు పోస్తాం కదా. ఇక్కడ గొయ్యీ అక్కర్లేదు, ఉప్పూ అక్కర్లేదు. వెడల్పాటి రాగి రేకుతో పడవ అడుగున ఉన్న కంచు పలకకు కలిపితే సముద్రమే ఎర్త్. పాత లాప్‌టాప్‌ను మ్యాపులు పరిచే బల్లకి పట్టీలతో బిగించాం.

అన్నీ కలిపి "పంపు" నొక్కితే లాప్‌టాప్ కొయ్యబారిపోయింది. మళ్ళీ ఆన్ చేశాం, మళ్ళీ అంతే. మధ్యాహ్నమంతా సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటూ గడిపాను. చివరికి మా వాడు, "నాన్నా, రేడియో పలికినప్పుడల్లా ఆ లైటు కూడా మినుకుమంటోంది చూడు" అన్నాడు. అప్పుడు బుర్రకెక్కింది. రేడియో శక్తే తీగల వెంట కంప్యూటర్లోకి చొరబడుతోంది. తీగలను దూరంగా జరిపి, ఒక్కొక్కదానికీ ఫెర్రైట్ కడియాలు తొడిగాం. జబ్బు కుదిరింది.

పరీక్షకని ఒక శనివారం తెల్లవారుజామున హాఫ్‌మూన్ బేకి బయల్దేరాం. మా ఆవిడ పులిహోర కట్టి ఇచ్చింది. ఓక్లండ్ ఓడరేవు క్రేన్లు దాటి, బే బ్రిడ్జి కింద నుంచి, ఆల్కట్రాజ్‌ని కుడిపక్కన వదిలి, గోల్డెన్ గేట్ కిందకు వచ్చాం. కారులో వందసార్లు దాటిన వంతెనే. కింద నుంచి చూస్తే మంచులో స్తంభాల పైభాగం కనిపించనే లేదు. వంతెన దాటగానే పసిఫిక్ అలలు పడవను ఉయ్యాల ఊపాయి. మా వాడు తిన్న పులిహోరంతా సముద్రుడికి సమర్పించుకున్నాడు. సాయంత్రానికి పిల్లర్ పాయింట్ హార్బర్‌లో లంగరు వేశాం.

రాత్రి ఎనిమిదింటికి కూర్చున్నాం. దగ్గర్లోని పాలో ఆల్టో స్టేషన్ పలకలేదు. తరంగాలు మా దగ్గరి చోటును దాటేసి దూరాన దిగుతున్నట్టున్నాయి. వేరే ఫ్రీక్వెన్సీకి మారి ప్రయత్నిస్తే ఎక్కడో సౌత్ కరోలినాలోని స్టేషన్ పలికింది! కీచురాళ్ళు రెండు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు శబ్దం. ఇటునుంచి ఒక కూత, అటునుంచి ఒక కూత. "ఏమంటున్నాయి?" అన్నాడు మా వాడు. "ఇది ఒక ముక్క పంపి అందిందా అంటుంది. అది అందిందంటేనే రెండో ముక్క. లేదంటే మళ్ళీ అదే ముక్క."

చెబుతుంటే నాకే నవ్వొచ్చింది. నాన్న ఊరి నుంచి రాసే ప్రతి ఉత్తరమూ "ఉభయకుశలోపరి" అనే మొదలయ్యేది. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను, మిగతా సంగతులు ఆ తర్వాత. ఈ జర్మన్ మోడెమ్‌కి ఆ మర్యాద ఎవరు నేర్పారో!

మొదటి ఉత్తరం పెద్దాయన భార్యకు. రెండోది మా అమ్మకి, బందరులో మా అన్నయ్య కొడుకు ఈమెయిల్‌కి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, మా వాడే కొట్టాడు. "నాయనమ్మా, పడవలో ఉన్నాం. క్షేమం. నువ్వు క్షేమమా?"

తెల్లారి రేడియో పెట్టేసరికి జవాబు వచ్చి ఉంది. అన్నయ్య కొడుకు ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి అమ్మ చెప్పింది చెప్పినట్టు కొట్టాడు. "అందింది. ఇవాళ నిద్ర పడుతుంది." నేను గట్టిగా చదవబోయి ఆగిపోయాను. మా వాడే అందుకుని చదివాడు.

అదే ఏడాది డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, అండమాన్‌లో ఫోన్లు మూగబోతే, హైదరాబాదులోని అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళి ఉన్న హామ్ రేడియో బృందం కబుర్లు చేరవేసింది. ఆ వార్త చదివి మా వాడు ఆ కబుర్లు అందుకున్న ఇళ్ళ గురించి అడిగాడు. అప్పుడే వాడికి దివిసీమ సంగతి మొదటిసారి పూర్తిగా చెప్పాను.

ఇప్పుడు చాలా పడవల్లో స్టార్‌లింక్ పళ్ళేలు ఉన్నాయి. సముద్రం మధ్య నుంచి వీడియో కాల్ కూడా చెయ్యొచ్చు. అమ్మ లేదు. మా వాడు ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరుగుతుంటాడు. విమానం దిగగానే వాడి నుంచి నాకొక మెసేజ్ వస్తుంది: "క్షేమం. అందిందా?" నేను "అందింది" అని కొట్టి, అప్పుడు పడుకుంటాను.