చిట్టా లెక్క

దసరా సెలవులకి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బరంపురం వెళ్లాం. మేము పుట్టింది అక్కడే అయినా, నాన్నగారి ఉద్యోగం వల్ల పెరిగింది బళ్లారిలో, చదివింది కన్నడ మీడియంలో. ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రామ్‌లో తప్పులు వెతకడమే మా పని. అందుకే చిన్నాన్నగారి మనవరాలు, మాకు మేనకోడలు వరస, మేం కాళ్లు కడుక్కునేలోపే లాప్‌టాప్ పట్టుకొచ్చేసింది.

"అత్తా, కాలేజీలో ఇచ్చిన ఎక్సర్‌సైజు ఇది. ఒకసారి చూడవా?"

అంకెలు ఒక్కో వరుసలో ఒక్కొక్కటి వస్తూ ఉంటాయి. ఎన్ని వస్తాయో ముందు తెలీదు. చివర్లో మొత్తం ఎంత, ఎన్ని వచ్చాయి, సగటు ఎంత, అన్నిటికన్నా పెద్దది ఏది అని చెప్పాలి. పైథాన్ మొదలుపెట్టిన వాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. మా పిల్ల ఒక లిస్టు పెట్టి, వచ్చినవన్నీ అందులో వేసి, ఆఖర్న కూడింది. పది అంకెలైతే ఫరవాలేదు. వందల కోట్లు వస్తే మెమరీ నిండిపోతుంది.

"అన్నీ దాచుకోవడం ఎందుకమ్మా? మూడు డబ్బాలు చాలు. మొత్తం, లెక్క, పెద్దది. అంకె రాగానే మొత్తానికి కలుపు, లెక్క ఒకటి పెంచు, పెద్దదానితో పోల్చు, ఇంక ఆ అంకెని మర్చిపో. సగటంటే మొత్తాన్ని లెక్కతో భాగించడమే" అన్నాం.

మార్చి రాసింది. అలవాటు కొద్దీ పరీక్ష పెట్టాం. అసలు ఒక్క అంకే రాకపోతే? సున్నాతో భాగించబోయి ప్రోగ్రామ్ ఆగిపోయింది. అన్నీ మైనస్ అంకెలే వస్తే? 'పెద్దది' అన్న డబ్బాలో ముందే సున్నా పెట్టింది కాబట్టి, రాని సున్నాని పెద్దదని చూపించింది. మొదట వచ్చిన అంకెనే ఆ డబ్బాలో పెట్టాలని చెప్పాం.

మంచం మీద కూర్చుని వింటున్న మామ్మ, "ఇదేటి కొత్త సదువు? చిట్టా లెక్కే కదా" అంది.

నిజమే. మన పాత దుకాణాల్లో రెండు రకాల పుస్తకాలుండేవి. జమా ఖర్చూ జరిగింది జరిగినట్టు రోజువారీ రాసుకునేది చిట్టా. దాన్లోంచి ఎవరి ఖాతా వాళ్లకి విడదీసి ఎక్కించేది ఆవర్జా. చిట్టాలో ప్రతి పేజీ అడుగున నిల్వ తేల్చి, పక్క పేజీ పైన అదే నిల్వ ఎత్తి రాస్తారు. వెనక పేజీలన్నీ మళ్లీ కూడక్కర్లేదు, ఆ ఒక్క అంకె ఉంటే లెక్క ముందుకి సాగుతుంది. మేం పిల్లకి చెప్పిన 'మొత్తం' డబ్బా అదే.

మామ్మ ట్రంకు పెట్టె తెరిపించింది. 1956 నుంచి 1958 దాకా రాసిన రెండు చిట్టాలు. తాత, చిన్నతాత కలిసి బరంపురం పట్టుచీరల చిన్న దుకాణం నడిపినప్పటివి. తాత నేతగాళ్ల ఇళ్లకి తిరిగేవారు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని చిట్టా రాసేది చిన్నతాత. 1958లో వేరుపడినప్పుడు చేతికొచ్చిన నిల్వ మరీ తక్కువని మామ్మ అనుమానం. తాత ఏమీ అనకుండానే పోయారు. అప్పట్నించీ రెండిళ్ల మధ్యా మాటలు అంతంతమాత్రం. రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి జాతరలో ఎదురుపడితే పలకరింపే తప్ప, ఒకరింట్లో ఒకరు భోంచేసింది లేదు.

"ఆ మెషీను తప్పు కూడదు కదా. కూడించండి, సూద్దాం" అంది మామ్మ.

గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఒడిశాలో కలిశాక కూడా మా దుకాణంలో లెక్కలు తెలుగులోనే సాగాయి. అంకెలు సైతం ౧, ౨, ౩. ఒడియా, ఇంగ్లీషు చదివిన మేనకోడలికి అవి అర్థం కాలేదు. మాకు వచ్చాయి. కన్నడ అంకెలు దాదాపు ఇవే కదా! తెలుగు బడి మొహం చూడని మేము, కన్నడ బడి పుణ్యమా అని తాతల తెలుగు లెక్క చదివాం.

మేం చదువుతుంటే పిల్ల టైపు చేసింది. నాలుగు రోజులు పట్టింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు తడిసిన పేజీలు పదకొండు అట్టకట్టుకుపోయి విడలేదు. అయినా లెక్క ఆగలేదు. ఆ తర్వాతి పేజీ పైన ఎత్తి రాసిన నిల్వ ఉంది కాబట్టి అక్కణ్ణించి మళ్లీ అందుకున్నాం.

చివరికి తేలింది: రెండు వందల పన్నెండు రూపాయలు తక్కువ.

"నే సెప్పలేదా?" అంది మామ్మ. రాత్రికి ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. చిన్నాన్నగారు వాళ్లకి ఫోన్ చేస్తానని లేచారు. ఒక్కరోజు ఆగమని బతిమాలాం. పరీక్ష చెయ్యని ఫలితాన్ని బయటపెట్టడం మా వృత్తిలో తప్పు.

మర్నాడు పేజీ పేజీకీ రాసిన నిల్వతో మా మొత్తాన్ని పోల్చాం. తేడా వేరుపడే ముందు పేజీల్లో కాదు, మొట్టమొదటి పేజీలోనే మొదలైంది! ఒక పేజీలో ఎక్కువ, ఇంకో పేజీలో తక్కువ. 1957 ఏప్రిల్ తర్వాతి పేజీలు మాత్రం చక్కగా సరిపోతున్నాయి. అప్పుడు తట్టింది. 1957 ఏప్రిల్ 1న కదా నయాపైసలొచ్చింది! అంతకుముందు రూపాయికి 16 అణాలు. చిట్టాలో '3-12' అంటే మూడు రూపాయల పన్నెండు అణాలు, అంటే 3.75. మేం 3.12 అని కొట్టించాం. '2-8' అంటే రెండున్నర. మేం 2.80 చేశాం. పిల్లకి అణాలంటే తెలీదు, సరే. పదేళ్లుగా టెస్టింగ్ చేస్తున్న మాకేమైంది?

ఏప్రిల్ 1 ముందు వరుసలకి అణాల్ని పదహారుతో భాగించి మళ్లీ నడిపాం. రెండు చోట్ల చిన్నతాత కూడికలో పొరపాట్లున్నాయి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. అవి పోగా మిగిలిన తేడా రూపాయి లోపే. మూడు అణాలకి 18.75 బదులు 19 నయాపైసలు లెక్కగట్టిన రోజులవి, ఆ మాత్రం ఉంటుంది.

మామ్మకి చెప్పాం. చాలాసేపు మాట్లాడలేదు.

"మరి రాయని డబ్బు సంగతేటి?" అంది చివరికి.

దానికి మా దగ్గర జవాబు లేదు. చిట్టాలో ఎక్కని వరుస ఏ ప్రోగ్రామ్‌కీ తెలీదు, అదే చెప్పాం. అట్టకట్టిన పదకొండు పేజీల్లో ఏముందో కూడా చెప్పలేమన్నాం. రాసినంత వరకూ లెక్క సరిగ్గానే ఉందని మాత్రం గట్టిగా చెప్పాం.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున్న మామ్మే మేనకోడల్ని పిలిచింది.

"ఆ పుస్తకాలకి ఫోటోలు తీసి వాళ్లింటికీ ఒక నకలు పంపే. రాసింది వాళ్ల తాతే కదా. సూసుకుంటారు."